తేలు కుట్టినది ఎవరిని?

ఈ మధ్య ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవానికి వెళ్ళవలసి వచ్చింది. సభ ఆరంభం కావడానికి ఇంకా గంట వ్యవధి ఉన్నందున ఉపాధ్యాయుల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఒక మూల నలుగురైదుగురు మాస్టర్లు గుమిగూడి, ఒకరి చేతిలోని ఫోను చూస్తూ పగలబడి నవ్వుతున్నారు. ఏమిటా వినోదమని అడిగితే ఆ ఫోను నా చేతికే ఇచ్చారు. థాయిలాండులోని పట్టాయా నగరం; సముద్రతీరపు బాట; తెల్లవారడానికి ఇంకా సమయం ఉన్నది. మన దేశస్థుడొకడు మెడ తడుముకుంటూ, ఎటు పోవాలో తోచక నిలబడి ఉన్నాడు. ఎవరో ఇద్దరు ఎదురుపడి, చిరకాల పరిచితుల వలె కౌగిలించుకుని, రెండు తీపి మాటలు చెప్పి వెళ్ళిపోయారట. వారితోపాటు అతని మెడలోని బంగారు గొలుసు కూడా వెళ్ళిపోయినదట.

"తగిన శాస్తి!" అన్నారొకరు. "అర్ధరాత్రి అక్కడికి పురాణ కాలక్షేపానికి వెళ్ళాడా ఏమిటి?" అన్నారు మరొకరు. నేనూ నవ్వాను. దాచుకోవడం ఎందుకు? ఆ మాట అన్న తీరు అటువంటిది.

నవ్వనివాడు ఒక్కడే. లెక్కలు చెప్పే యువకుడు. పిల్లల పద్యాల పోటీ పుస్తకం ముందు పెట్టుకుని తలవంచుకుని కూర్చున్నాడు. సభ ముగిసిన తరువాత నన్ను బస్సు ఎక్కించడానికి అతడే వెంట వచ్చాడు. దారిలో, నేను అడగకుండానే, "మా బావగారి గొలుసు కూడా అక్కడే పోయిందండీ" అన్నాడు. పేరు, ఊరు చెప్పవద్దన్నాడు కనుక చెప్పడం లేదు. తక్కినది చెప్పడానికి అనుమతి తీసుకున్నాను.

బావగారిది ఎరువుల దుకాణం. అమ్మకాల లక్ష్యం చేరుకున్న డీలర్లను కంపెనీవారు నాలుగు రోజులు థాయిలాండు తీసుకుపోయి తిప్పి తీసుకురావడం మన జిల్లాలలో ఇప్పుడు వింత కాదు. సిమెంటువారు, రంగులవారు, విత్తనాలవారు అందరూ ఈ పని చేస్తున్నారు. బావగారు పెళ్ళినాడు మామగారు పెట్టిన నాలుగు కాసుల గొలుసు మెడలో వేసుకునే బయలుదేరాడు. పదిమంది డీలర్లలో బోసి మెడతో తిరగడం చిన్నతనమని అతని అభిప్రాయం. మూడవనాటి రాత్రి తోటివారి నుండి విడివడి ఒంటరిగా బసకు తిరిగివస్తున్నాడు. ఇద్దరు ఎదురై చేయి పట్టుకున్నారు, భుజం మీద చేయి వేశారు, నవ్వారు, పోయారు. స్నానాల గదిలో అద్దం ముందు నిలబడేదాకా అతనికి సంగతి తెలియదు.

పోలీసుల దగ్గరకు పోదామని ఒక మిత్రుడు అన్నాడట. మిగిలినవారు వారించారు. "ఎక్కడ నుండి వస్తున్నావు, ఎంత త్రాగావు, ఎవరితో ఉన్నావు అని అడుగుతారు. రేపు విమానం. పైగా ఈ కబురు మనకంటె ముందు ఊరు చేరుతుంది." బావగారు పోలేదు. కోరల్ ఐలాండ్ దగ్గర సముద్ర స్నానంలో జారిపోయిందని బృందంలోని వారితో చెప్పుకున్నాడు. రత్నాకరుడనే పేరు మోస్తున్నందుకు పాపం సముద్రుడు ఈ నింద కూడా మోయవలసి వచ్చింది. హైదరాబాదులో దిగి, బావమరిదిని పిలిపించుకుని, ఇద్దరూ కలసి అదే నమూనాలో ఒక గిల్టు గొలుసు కొన్నారు. ఆ గొలుసుతోనే ఇల్లు చేరాడు. ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

దొంగ పని చేసినవాడు నోరు విప్పలేక బాధ దిగమ్రింగితే తేలు కుట్టిన దొంగ అంటాము. పట్టాయాలో ఈ సామెత తలక్రిందులైనది. దొంగ హాయిగా ఉన్నాడు. తేలు కుట్టినది సొమ్ము పోగొట్టుకున్నవానిని. ఆ ఊరి గొలుసు దొంగతనాన్ని గురించి వ్రాయదగినది ఏదైనా ఉంటే ఇదేనని నాకు తోస్తున్నది. బంగారం మెరుపును చూసి దొంగ వస్తాడు, నిజమే. కాని అతడు మరునాడు కూడా అదే బాట మీద ధైర్యంగా నిలబడగలగడానికి కారణం బంగారం కాదు, మనవాని సిగ్గు.

ఆ ఊరు మొదటినుంచి ఇటువంటిది కాదు. బ్యాంకాకుకు ఆగ్నేయంగా, రోడ్డున సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, చోన్‌బురీ రాష్ట్రంలో ఒక చిన్న జాలరిపల్లె. ఆ పేరుకు అర్థం కూడా అందమైనదే: వానకాలపు ఆరంభంలో నైరుతి నుండి వీచే గాలిని అక్కడివారు ఆ పేరుతో పిలుస్తారు. 1959లో కొరాత్ శిబిరం నుండి కొందరు అమెరికను సైనికులు సెలవు గడపడానికి వచ్చి అక్కడ ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. వియత్నాం యుద్ధం ముదిరినకొద్దీ, దాపున ఊ-తపావ్ విమానస్థావరం పెరిగినకొద్దీ, వారి సంఖ్య పెరిగింది. చావుకు సెలవు పెట్టి నాలుగు రోజులు బ్రతకడానికి వచ్చే పడుచువాండ్ర కోసం ఊరు తన్ను తాను మార్చుకున్నది. 1976 నాటికి సైన్యం వెళ్ళిపోయింది, మద్యశాలలు వెళ్ళలేదు. 1978లో ప్రత్యేక నగర ప్రతిపత్తి వచ్చింది. సైనికుల స్థానంలో యూరపువారు, రష్యనులు, చైనీయులు, ఇప్పుడు మనము. 2023 నవంబరు నుండి భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం కల్పించారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే పట్టాయా మొదలైన చోట్ల వినోదశాలలు తెల్లవారుజామున నాలుగింటి దాకా తెరచి ఉంచడానికి అనుమతి ఇచ్చారు. 2024లో ఆ దేశం వెళ్ళిన మనవారు ఇరవై లక్షలు దాటినారు.

ఇక బంగారం సంగతి. అక్కడ బంగారాన్ని 'బాత్' లెక్కన తూస్తారు. బాత్ అంటే నాణెం పేరు, తూకం పేరు కూడా. ఇందులో మనకు వింత లేదు. రూపాయి ఎత్తునే మన పూర్వులు తులం అన్నారు, కాసు అంటే మనకు నాణెమూ, ఎనిమిది గ్రాముల తూకమూ కూడాను. నగ బంగారంలో ఒక బాత్ 15.16 గ్రాములు. అంటే బావగారి నాలుగు కాసుల గొలుసు అక్కడి కాటాలో రెండు బాత్‌ల పైచిలుకు. వారి బంగారం నూటికి 96.5 పాళ్ళు మేలిమి. మన ఇరవై రెండు క్యారెట్లది 91.6. ఎర్రరంగు గోడల బంగారు దుకాణాలు అక్కడ వీధివీధినా ఉంటాయి. నగను మార్చుకోవడం అక్కడ నోటు మార్చుకోవడం వంటిది. ఎక్కువ తూకం, తక్కువ ఆకారం గల మన మగవారి గొలుసు కరిగించడానికి ఎంత అనువైనదో వేరే చెప్పనక్కరలేదు. మూసలో పడిన తరువాత అది ఎవరి పెళ్ళినాటిదో అగ్నిహోత్రుడు కూడా చెప్పలేడు. 2025లో మన దేశంలో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటిన తరువాత అటువంటి గొలుసు వేసుకుని నడిచేవాడు ఒక మధ్యతరగతి కుటుంబపు ఏడాది సంపాదనను మెడకు తగిలించుకుని నడుస్తున్నట్లే లెక్క.

"అందుకే వేసుకుపోవద్దంటున్నాము" అంటారు పెద్దలు. ఈ సలహాలో తప్పు లేదు. నేను కూడా అదే చెబుతాను. కాని ఈ సలహా దొంగతనానికి ముందు చెప్పవలసినది. జరిగిన తరువాత చెబితే అది సలహా కాదు, తీర్పు.

ఉపాధ్యాయులకు ఇది నిత్యానుభవమే. ఆరవ తరగతి పిల్లవాడు ఏడుస్తూ వస్తాడు, తన కొత్త పెన్ను ఎవరో తీశారని. "బడికి అంత ఖరీదైన పెన్ను ఎందుకు తెచ్చావురా?" అని గద్దిస్తాము. నా ఉద్యోగ కాలంలో నేనెన్ని పర్యాయాలు ఈ మాట అన్నానో లెక్క లేదు. పాఠం మధ్యలో ఫిర్యాదు వస్తే విసుగు. ఆ విసుగుకు నీతి ముసుగు వేస్తాము. ఫలితమేమి? వాడు రెండవసారి ఏది పోయినా చెప్పడు. తీసినవాడు మాత్రం రెండవసారి, మూడవసారి తీస్తాడు. తరగతిలో దొంగతనాలు తగ్గాయని మనము సంతోషిస్తాము. తగ్గినవి ఫిర్యాదులు. పట్టాయా లెక్క కూడా ఇంతకంటె పెద్దది కాదు.

మన వీధులలో గొలుసు దొంగతనం లేదా? తెల్లవారకముందే వాకిట ముగ్గు వేస్తున్న ఇల్లాలి మెడలోని పుస్తెల త్రాడు మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు లాక్కుపోతారు. వీధి వీధంతా లేస్తుంది. ఒకరు నీళ్ళిస్తారు, ఒకరు మెడమీది గాయానికి పసుపు అద్దుతారు, పదిమంది కలసి ఆమెను పోలీసు స్టేషనుకు తీసుకుపోతారు. "అంత పొద్దున్నే ముగ్గు ఎందుకు వేశావమ్మా?" అని అడిగినవాడు ఆ వీధిలో మళ్ళీ తలెత్తుకుని తిరగలేడు. పట్టాయాలో మగవాని మెడలోనుండి పోయిన గొలుసుకు ఈ పదిమంది ఎందుకు కరవైనారు? పోయిన స్థలం వేరు గనుక. ఆ స్థలానికి పోవడమే ఒక నేరాంగీకారమని మనమూ అనుకుంటున్నాము, పోయినవాడూ అనుకుంటున్నాడు. ఆ వీధులకు వెళ్ళేవారందరూ ఏ ఉద్దేశంతో వెళుతున్నారో విచారించడం నా పని కాదు. వెలుగులు చూసి, వేరుసెనగకాయలు కొనుక్కుని తిరిగివచ్చేవారూ వందలకొద్దీ ఉన్నారు. తిరిగిరాని ఉద్దేశంతో వెళ్ళినవారూ ఉన్నారు. ఇద్దరి గొలుసు మీదా ఇద్దరికీ ఉన్న హక్కు ఒక్కటే.

ఈ సందర్భంలో నాకు మృచ్ఛకటికం జ్ఞాపకం వస్తున్నది. అది కూడా ఒక విలాసనగరపు కథ, నగల దొంగతనపు కథ. ఉజ్జయినిలో వేశ్య వసంతసేన తన నగలను చారుదత్తుని ఇంట దాచుకున్నది. శర్విలకుడు గోడకు కన్నం వేసి వాటిని ఎత్తుకుపోయాడు. దొంగ తన విద్యకు తానే మురిసిపోతుంటే, ఏ పాపమూ ఎరుగని చారుదత్తుడు క్రుంగిపోయాడు. దరిద్రుని ఇంట దొంగలు పడ్డారంటే ఎవరు నమ్ముతారు అని. చివరకు అతడంతటివాడు కూడా జరిగినది జరిగినట్లు చెప్పలేక, నగలను జూదంలో పోగొట్టుకున్నానని వసంతసేనకు కబురు పంపాడు. దొంగతనం కంటె జూదం గౌరవమైనదా? కాదు; నమ్మదగినది. వాటికి బదులుగా పంపినది ఎవరి సొమ్ము? అతని భార్య ధూతాంబది. ఆమె పుట్టింటి నుండి తెచ్చుకున్న ముత్యాల దండ. చారుదత్తునికి జూదం వలె మా లెక్కల మాస్టరు బావగారికి సముద్రం దొరికింది. ఇల్లాలి పుట్టింటి సొమ్ము మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకే విధంగా కరిగింది. శూద్రకుడు పట్టాయా చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాడు. (మన గురజాడవారికీ ఈ గుట్టు తెలుసు. కంటె కోసం మధురవాణి చేతిలో రామప్పంతులు పడిన తిప్పలు చూడండి. పోయిన నగకంటె, ఎట్లా పోయిందో చెప్పలేకపోవడమే అతని మెడకు ఉరి.)

ఇటువంటి వార్తలలో మరొక దోషమున్నది. దొంగ అని అనుమానింపబడినవారు ట్రాన్స్‌జెండర్ స్త్రీలైతే ఆ మాట శీర్షికలో పెద్ద అక్షరాలతో వస్తుంది; మోటారు సైకిలు మీద వచ్చి గొలుసు త్రెంపుకుపోయిన మగవాడైతే ఉత్త దొంగ. పట్టుబడినవారిలో వారూ ఉన్నారు, వీరూ ఉన్నారు. అయినా ఆ జాతే అంత అని తీర్మానించడం సులభం. ఈ సులభమైన తీర్మానం మనకు కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేసి కొన్ని కులాలనే పుట్టుదొంగలుగా పుస్తకాలకెక్కించారు. ఆ చట్టపు రెండవ భాగం హిజ్రాలను నమోదు చేయడానికే ఉద్దేశింపబడినది. తరువాత అది మద్రాసు రాజధానికి వచ్చి ఎరుకలవారి మీద పడింది. బాపట్ల దాపున సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం వెలసింది. 1952లో చట్టం రద్దయినది. రద్దయిన తరువాత కూడా ఆ ఊరి పేరు చెప్పుకుని ఉద్యోగానికి పోయిన పిల్లవాడు ఎంతకాలం ఎన్ని చూపులు భరించాడో గుంటూరు జిల్లా పాతతరం ఉపాధ్యాయులను అడగండి. దొంగను దొంగ అనడానికి ధైర్యం లేనివాడు ఒక జాతిని దొంగజాతి అనడానికి వెనుదీయడు. ఫిర్యాదు చేయడానికి పేరు చెప్పాలి, సంతకం పెట్టాలి. జాతిని తిట్టడానికి ఆ శ్రమ లేదు.

మరి ఫిర్యాదు చేస్తే ప్రయోజనమున్నదా? ప్రతిసారీ ఉన్నదని చెప్పను. కాని బావగారి మిత్రులు చెప్పిన భయాలలో సగం వట్టివి. అక్కడ యాత్రికుల కోసమే ఒక పోలీసు శాఖ ఉన్నది. 1155 అనే నంబరుకు ఫోను చేస్తే ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. మద్యం త్రాగడం ఆ దేశంలో నేరం కాదు. రాత్రివేళ చేసిన దొంగతనానికీ, కళ్ళెదుట లాక్కుపోవడానికీ కూడా వారి శిక్షాస్మృతిలో అయిదేళ్ళ దాకా ఖైదు ఉన్నది. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలో లాక్కుపోవడమనే నేరానికి వేరే పేరే లేదు; 2024 జూలైలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చిన తరువాతనే, 304వ సెక్షనులో, మూడేళ్ళ శిక్షతో దానికి పేరు వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి మళ్ళీ విమానమెక్కి రావాలేమో అన్న భయానికి కూడా వారి చట్టంలో సమాధానమున్నది: సాక్షి దేశం విడిచి వెళ్ళేటట్లయితే, విచారణకు ముందుగానే కోర్టు అతని వాఙ్మూలం తీసుకోవచ్చు. సముద్రతీరపు బాట మీద కెమెరాలున్నాయి. వాటి సహాయంతో దొంగను పట్టి గొలుసు తిరిగి ఇప్పించిన సందర్భాలు పత్రికలలో వచ్చాయి. వాటన్నిటిలోనూ ఎవరో ఒకరు వెళ్ళి మొదట నోరు విప్పారు. ఊరికి కూడా తన పేరు పోవడం ఇష్టం ఉండదు. ఎవరూ అడగనప్పుడు ఆ ఊరు మాత్రం ఎందుకు అడుగుతుంది? ఏమీ దొరకకపోయినా ఆ ఫిర్యాదు నకలు ఒకటి చేతిలో ఉంటే, ఇంటికి వచ్చి చెప్పే మాటకు ఒక కాగితం అండ ఉంటుంది. అది లేనిదే బీమావారు మాటైనా వినరు.

నగ వేసుకునే వెళ్ళక తప్పదనుకునేవారికి ఒక్క మాట. బిల్లు, నగ ఫొటో ఇంట్లో ఉంచుకోండి. 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్న హాల్‌మార్కు నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య ఉంటుంది; వ్రాసి పెట్టుకోండి. బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్‌వారికి చూపి ధ్రువపత్రం తీసుకునే వీలున్నది. ఇంత శ్రమ పడలేకపోతే, భార్య బీరువాకు తాళమున్నది.

ఇదంతా బస్సు స్టాండులో ఆ యువకునితో కొంత చెప్పాను. అతడు శ్రద్ధగా విని, "ఇవన్నీ అప్పుడు తెలిస్తే బాగుండేదండీ" అన్నాడు. "ఇప్పుడైనా మించిపోయిందేమున్నది? మీ అక్కగారితో చెప్పించండి. నిజం చెబితే నాలుగు రోజులు బాధ పడుతుంది, తరువాత సర్దుకుంటుంది" అన్నాను. మాట తేలిక గదా.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. మాఘమాసంలో అతని రెండవ అక్క పెళ్ళి. ఇద్దరల్లుళ్ళకూ తేడా చూపించాడన్న మాట రాకూడదని తండ్రిగారి పట్టుదల. పెద్దల్లుడికి పెట్టిన గొలుసు వంటిదే, అదే తూకం, అదే అల్లిక, చిన్నల్లుడికీ చేయించాలట. నమూనా కోసం పెద్దల్లుడి గొలుసు ఒక్కరోజు ఇప్పించమని కబురు చేశారు. ఆదివారం వెళ్ళి తీసుకురావలసినది ఇతడే.

"మా ఊరి కంసాలి ముసలివాడండీ, కళ్ళు సరిగా కనబడవు" అన్నాడు. మళ్ళీ తానే, "కాని గీటురాయి ఉన్నది కదండీ" అన్నాడు.

ఇంతలో నా బస్సు వచ్చింది.